పంట పేరు: ఒకటి మాత్రమే

ఆ ఫారంలో నాలుగో గడి నేను గీసిందే.
శేషాద్రి రోడ్డు ఆఫీసులో, ఫ్యాను తిరగని ఒక మధ్యాహ్నం,
స్కేలు పెట్టి, పదకొండేళ్ళ కిందట.
కాగితం ఖర్చు తగ్గాలన్నారు, గడి చిన్నదయింది.
కింద బ్రాకెట్టులో రాశాను: ఒకటి మాత్రమే.
తర్వాత అది కంప్యూటరెక్కింది.
ఇప్పుడు వేలు పెడితే జాబితా జారుతుంది,
ఒక పేరు నొక్కగానే
మిగతావన్నీ తలుపులేసుకుంటాయి.

హోసకోట దాటాక, లేఅవుట్ల తెల్లరాళ్ళ మధ్య
చౌడమ్మ చేను, ఎకరా ముప్పావు.
తనిఖీకి ట్యాబు పట్టుకుని వెళ్ళాను.
"ఏం పంటమ్మా?"
జవాబు చెప్పలేదు. మణికట్టు పట్టి నడిపించింది.
ఆరు సాళ్ళు రాగి, ఒక సాలు అనప.
మళ్ళీ ఆరు రాగి, ఒక సాలు కంది,
సందుల్లో ఆవాలు.
చుట్టూ ఆముదం, కావలి కుక్కల్లాగ.
ఓ మూల ఒడిసలు పసుప్పచ్చగా పూసి
ఎక్కడెక్కడి తేనెటీగల్నో పిలుస్తున్నాయి.
"వీట్లో దేని పేరు రాస్తావు మేడమ్?
ఇంట్లో ఆరుమందిమి ఉంటే
రేషను కార్డులో ఒకరినే రాస్తారా?"

నా వేలు రాగి మీద ఆగింది.
నొక్కాను.
అనప పోయింది, కంది పోయింది, ఆవాలు పోయాయి.
తేనెటీగలకైతే మొదట్నుంచీ గడే లేదు.

పక్క చేను బచ్చప్పది. ప్లాస్టిక్ పందిరి కింద గులాబీలు.
ఒకే పంట, ఒకే గడి,
సబ్సిడీ మూడు వారాల్లో పడింది.
బోరు పద్నాలుగు వందల అడుగులు.
మొన్న అందులోంచి కాసేపు బురద వచ్చిందట,
కాసేపు గాలి,
తర్వాత మోటారు చప్పుడొక్కటే.
అంత లోతున ఏం మిగిలిందని అడిగే గడి కూడా
నేను గీయలేదు.

ఆ రాత్రి నోట్ రాశాను.
చేలో ఎన్ని రకాలుంటే అన్ని వందలు అదనం.
యూరియా బస్తాల మీద పోసే డబ్బులోంచి ఒక పిడికెడు
పెంటదిబ్బకి, పచ్చిరొట్టకి.
హాస్టలు పిల్లల కంచాల్లో వారానికి మూడు పూటలు
ఈ తాలూకా సంగటి, ఈ తాలూకా పప్పు.
కొంటామని సర్కారు ముందే చెబితే
విత్తేవాళ్ళ చెయ్యి వణకదు.

ఫైలు వెనక్కొచ్చింది: "రకం అనగానేమి? నిర్వచించవలెను."
పంపాను. మళ్ళీ వచ్చింది:
"తేనెటీగల వలన ఎకరాకు రాబడి ఎంత?"
పంపాను. ఆర్థికశాఖ ఒక్క మాటే రాసింది: "చూడడమైనది."
పదకొండు నెలలు.
మా ఆఫీసులో మిశ్రమ పంట అంటే ఆ ఫైలే.
ఆకుపచ్చ సిరా, ఎర్ర సిరా, నీలం,
సందుల్లో టీ మరకలు.

డిసెంబరు వచ్చింది. బెంగళూరు పేవ్‌మెంట్ల మీద అనపకాయల రాశులు.
బస్సులో పక్క సీటామె సంచిలోంచి ఆ జిడ్డు వాసన
మెజెస్టిక్ దాకా నాతోనే వచ్చింది.
ఇంట్లో పితికిన పప్పుకి గింజలు నానేశాను.
రాత్రి పొట్టు తీస్తూ ఉంటే ఒక్కో గింజా వేళ్ళలోంచి జారి
గిన్నెలో దూకుతోంది,
దేని లెక్కలోనూ లేకుండా.

జనవరి ఆఖరున ఆర్డరు వచ్చింది.
ఒక్క తాలూకాకి, ఒక్క ఏడాదికి, ప్రయోగాత్మకంగా.
హాస్టళ్ళ సంగతి లేదు, పెంటదిబ్బ సంగతి లేదు.
నాలుగో గడి కింద బ్రాకెట్టు మాత్రం కొట్టేశారు.
అంతే.

చౌడమ్మకి ఫోను చేశాను.
"ఎన్ని పడతాయి మేడమ్ అందులో?"
"ఆరు."
అవతల వేళ్ళు మడుస్తున్నట్టుంది.
"నావి ఏడు."
ఆరే కదా నేను చూసింది, ఏడోదేంటి అన్నాను.
"గోగు. గట్టు మీద.
ఆ పొద్దు నువ్వు తొక్కుకుంటూ వచ్చావే,
అది."

స్కేలు ఇంకా నా సొరుగులోనే ఉంది.